రమ్మన్న కూత

"పేరు చెప్తవా, చెప్పవా?" అంది ఆబిదా.

జలీల్ నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రెండు కళ్ళకూ కట్టు. ఆమె ఎక్కడుందో, ఏం చేస్తోందో చప్పుళ్ళను బట్టి పోల్చుకుంటున్నాడు. ఇంతసేపూ వాకిట్లో బియ్యం చెరుగుతున్న చేట చప్పుడు వినిపించింది. ఇప్పుడు ఆగింది. ఆబిదా చేతిలో పని ఆపిందంటే జవాబు పుచ్చుకోకుండా కదలదని అర్థం.

"నేను ఎవ్వర్ని సూడలేదన్న గద."

"అబద్ధమాడకు. నిన్న దవఖాన నుంచి తెస్తుంటే టాంగాల నిద్రపోయినవు. నిద్రల 'నువ్వేనా, నువ్వేనా' అని కలవరించినవు. తెల్వనోన్ని పట్టుకొని నువ్వేనా అంటరా ఎవరన్న?"

కట్టు కింద చీకటి కూడా ఒక్క రంగులో ఉండదని ఈ నాలుగు రోజుల్లో తెలుసుకున్నాడు. పొద్దున బెల్లం రంగులో ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ ఎర్రబడుతుంది. ఆబిదా అడ్డొచ్చి నిలబడితే నీలమవుతుంది. ఇప్పుడు నీలంగానే ఉంది.

ఆబిదాకు మామూలు మాటలకు ఉర్దూ, కోపానికి తెలుగు. నవీపేట్‌లో రైతుల ఇళ్ళ పక్కన, పసుపు ఉడికే పొగలో, ఆ ఇళ్ళ ఆడపిల్లలతో కలిసి పెరిగిన మనిషి. కోపమొస్తే ఉర్దూ ఆమెకు మరీ మెత్తగా తోస్తుంది. జలీల్‌ను దవాఖానాలో చేర్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో తెలుగే నడుస్తోంది.

రాయి ఎడమ కనుబొమకు కొంచెం కిందుగా తగిలింది. ఇంకో గోరంత జరిగి ఉంటే కన్ను అక్కడే పోయేదని డాక్టరు అన్నాడు. పోలేదని మాత్రం అనలేదు. కట్టు విప్పితేనే తెలుస్తుందట. కుడికన్నుకు ఏమీ కాలేదు. అయినా ఒకటి కదిలితే రెండోది ఊరుకోదని రెండింటినీ మూశాడు. డ్రైవరు పనికి రెండు కళ్ళూ కావాలి కదా సాబ్ అని జలీల్ అడిగితే, ముందు కట్టు విప్పనీ అన్నాడు.

జలీల్ నడిపే చెరుకు బండి బోధన్ వైపు పోతూ మొరంగడ్డ దగ్గర ఎత్తు ఎక్కుతుండగా ఆ రాయి వచ్చింది. ఇవాళ సాయంత్రం అసర్ నమాజు వేళ దాటాక రైలు పోలీసు జమేదారు ఇంటికి వస్తానని కబురు పెట్టాడు. అతనికి కావలసింది ఒక్క పేరు.

ఆబిదా మళ్ళీ అందుకుంది. ఆమె వాదన న్యాయమైనదే. ఆటకని విసిరిన చెరుకు మొదలు తగిలి గార్డు రాజారాంకు పళ్ళు రాలాయి. పోనీలే పిల్లలు అన్నాడు. పట్టాల మీద ఎవరో రాళ్ళు పేర్చితే బండిని ఉన్నపళంగా ఆపబోయి ఒక ఫైర్‌మన్ పొయ్యి తలుపు మీద పడ్డాడు. చెయ్యి మోచేతి దాకా కాలింది. అప్పుడూ ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు. డబ్బాల మధ్య బఫర్ల మీద కూర్చుని సినిమాకు పోయేవాళ్ళు, మామగారి ఊరు రాగానే గొలుసు లాగేవాళ్ళు, ఇంజను మీదికి గురి చూసి పందెం కాసేవాళ్ళు. ఊరుకున్నకొద్దీ జనానికి బండి అంటే తిరనాళ్ళ బొమ్మ అయిపోయింది. లోపల మనుషులు ఉంటారన్న సంగతే మరిచిపోయారు. ఇవాళ జలీల్ కూడా ఊరుకుంటే రేపు ఇంకొకరి కన్ను పోతుంది. ఆ ఇంకొకరికి కూడా పెళ్ళాం ఉంటుంది.

"ఎందుకు కొట్టిండో తెల్వకుంట ఒక మనిషిని జైలుకు పంపాల్నా?" అన్నాడు జలీల్.

"ఎందుకైతే ఏంది?"

"నన్ను కొట్టాల్సిన మనిషి కాదు వాడు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. చేట నేల మీద పెట్టిన చప్పుడైంది. ఆబిదా మంచం పక్కకు వచ్చి కూర్చుంది. ఈసారి గొంతు తగ్గించింది.

"తెలిసినోడే అన్నట్టు. నీ భయం నాకు ఎరుకే. పేరు చెప్తె, ఎందుకు కొట్టిండని అడుగుతరు. అడుగుతె మొరంగడ్డ కాడ నువ్వు బండి నిమ్మలం చేసే సంగతి బయటపడ్తది. కన్ను ఉన్నా నౌకరి ఉండదు. గంతేనా?"

జలీల్ ఆమె చేతి కోసం వెతికాడు. ఆమె ఇవ్వలేదు.

మొరంగడ్డ సంగతి ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు గాని ఎవరూ పైకి అనరు. జానకంపేట దాటాక బోధన్ లైను ఒక ఎర్రమట్టి దిబ్బను చుట్టుకుని ఎక్కుతుంది. దిబ్బ పక్కనే చెరుకు కొట్టే కూలీల గుడిసెలు. బోధన్ చక్కెర కార్ఖానా నడిచే కాలమంతా ఆ గుడిసెల ఆడవాళ్ళు బండి వెంట ఉరికి డబ్బాల్లోంచి చెరుకు గడలు లాగుతారు. మునుపు ఏ వేగంలో పోయే బండి నుంచైనా లాగేవాళ్ళు. ఒకనాడు ఒకామె కొంగు చక్రానికి చుట్టుకుంది. ఆమె వెనక ఉన్నామె కొడవలితో కొంగు తెగ్గోసింది. ఇంజనులోంచి వంగి చూస్తున్న జలీల్‌కు ఆ రాత్రి అన్నం దిగలేదు.

అప్పటి నుంచి అతను తన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. మలుపుకు ముందే కూత గొలుసు అందుకుంటాడు. ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు, మళ్ళీ ఒక పొడుగు. ఆఖరిది తెగిపోదు, దిబ్బ మీద నుంచి జారినట్టు మెల్లగా కిందికి దిగుతుంది. 'ఓ... జరుగు, జరుగు... ఓ' అని దాని అర్థం. కూత వేసి ఆవిరి తగ్గించి, దిబ్బ దాటేదాకా ఎడ్లబండి నడక నడుస్తాడు. లాగేవాళ్ళు ఎలాగూ లాగుతారు. చక్రాల కింద మాత్రం ఎవరూ పడరు. పై అధికారుల లెక్కలో అది తప్పు. చెరుకు పోతుంది, ఆలస్యమవుతుంది. గార్డు రాజారాం ఆ కాసేపూ అవతలి పక్క పొలాల వైపు చూసేవాడు.

దసరా నాడు ఆ గుడిసెల పెద్దది సాయవ్వ, నడుస్తున్న ఇంజను పక్కన తనూ నడుస్తూ, బంతిపూల దండ ఒకటి కడ్డీకి తగిలించేది. తమ్మీ, మంచిగుండు అనేది. రాయి విసిరింది ఆ సాయవ్వ కొడుకు నర్సన్న. దిబ్బ మీద నిలబడి, దాక్కోకుండా, కళ్ళలోకి చూస్తూ విసిరాడు.

అంతకు ముందు వారం చెల్లెలు అంజవ్వ కాలు బండి కింద పోయిన కోపమైతే, ఆ కోపం తన మీద ఎందుకు? ఆ వారమంతా జలీల్ కామారెడ్డి పాసింజరు మీద ఉన్నాడు. అంజవ్వ పడింది జలీల్ శిష్యుడు రామ్‌దాస్ నడిపిన బండి కింద.

*

రామ్‌దాస్ వచ్చిన సంగతి జలీల్‌కు బూట్ల చప్పుడుతోనే తెలిసింది. బొగ్గుపొడి అంటిన బూట్లు గుమ్మం దగ్గర ఒకటి ముందు, ఒకటి వెనక విడుస్తాడు. ఏళ్ళ తరబడి జలీల్ పక్కన పొయ్యికి బొగ్గు వేసిన ఫైర్‌మన్. తర్వాత స్టేషనులో డబ్బాలు జరిపే షంటర్ అయ్యాడు. ఈ కార్ఖానా కాలంలోనే గూడ్సు డ్రైవరు అయ్యాడు. ఆ రోజు జలీల్ గల్లీ అంతటికీ ఖుబానీ కా మీఠా పంచాడు.

"జామకాయలు తెచ్చిన చాచీ," అని ఆబిదాకు ఇచ్చి, మంచం దగ్గర నిలబడ్డాడు. కూర్చో అంటే కూర్చోలేదు.

లైను కబుర్లు చెప్పాడు. మొరంగడ్డ దగ్గర ఇప్పుడు డ్రైవర్లు కిటికీకి తడి గోనె వేలాడదీసి, తల వంచుకుని దాటుతున్నారు. ఫైర్‌మన్లు బొగ్గు పెడ్డలు చేతిలో పట్టుకుంటున్నారు.

"బొగ్గు ఇసరకు," అన్నాడు జలీల్.

"నేను ఇసరను ఉస్తాద్."

కాసేపు జామకాయల వాసన ఒక్కటే ఉంది ఆ గదిలో. తర్వాత రామ్‌దాస్ గొంతు ఎక్కడో లోపలి నుంచి వచ్చింది.

"ఆ పిల్ల కాలు నా కండ్లల్ల మెదులుతది ఉస్తాద్. మీరు నిమ్మలం చేస్తరు, నేను చెయ్యలే. మీరు పాతోళ్ళు, మీకు నడుస్తది. నేను ఇంకోసారి ఆలస్యం చేస్తె మళ్ళ షంటింగే అన్నరు. అందుకే ఉరికించిన. కాని కూత ఏసిన. మలుపు కన్న ముందుగాలనే ఏసిన. అల్లా మీద, మా ఎల్లమ్మ మీద ఒట్టు. వాళ్ళు జరగలే."

"కూత ఏసినంక నీ తప్పేముంది బేటా," అన్నాడు జలీల్. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. డ్రైవరు చేతిలో ఉన్నది ఒక గొలుసు. అది లాగాక వినవలసింది అవతలివాళ్ళు.

రామ్‌దాస్ ముక్కు ఎగబీల్చాడు. పోయేటప్పుడు కొంచెం తేలికపడ్డట్టున్నాడు. ఇవాళ చెరుకు బోధన్‌లో దింపి, ఖాళీ డబ్బాలతో పొద్దుగూకే వేళకు నిజామాబాద్ వస్తానన్నాడు.

"మీరు ఇంటికొచ్చినంక నేను ఇటు నుంచి పోవుడు ఇదే మొదలు. సాయంత్రం మీకొక సలాం పంపుత."

"ఎవరితోని?"

"వస్తది, సూడుండ్రి," అని నవ్వాడు. చూడమన్నందుకు తనే నాలుక కరుచుకుని బూట్లు తొడుక్కున్నాడు.

*

మధ్యాహ్నం జలీల్ నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో పడి ఉన్నాడు.

కట్టు కింద చీకటి మెల్లగా తెల్లబడింది. చెరుకు పూత. మనిషెత్తు దాటి, వెండి కుచ్చుల్లాగా, చేలు చేలే ఊగుతున్నాయి. ఇంజను ఆ పూత మీదుగా పోతోంది. కింద పట్టాలు లేవు. చక్రాల చప్పుడు లేదు. చెరుకు మడ్డి పులిసిన తియ్యటి వాసన గాలిలో తెరలు తెరలుగా వస్తోంది. అది వస్తే బోధన్ దగ్గరపడ్డట్టు. ఆకుల్లోంచి చేతులు లేస్తున్నాయి, గాజుల చేతులు. చెరుకు కోసం కాదు, దారి చూపించడానికన్నట్టు లేస్తున్నాయి. జలీల్ గొలుసు అందుకున్నాడు. లాగితే కూత రాలేదు. ఎక్కడో దూరంగా, తను లేని ఇంకో బండిలోంచి వచ్చింది.

కడియాల చప్పుడుకు మెలకువ వచ్చింది.

వెండి కడియాలు, బరువైనవి. ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు. బండి పక్కన నడిచే ఆ అడుగు జలీల్‌కు బాగా తెలుసు.

"ఎవరికోసం?" అన్న ఆబిదా గొంతు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మొరంగడ్డ సాయవ్వను. మా నర్సడే కొట్టిండు రాయి."

ఆబిదా పొద్దుటి నుంచి ఏ పేరు కోసం ఇల్లంతా తవ్వుతోందో ఆ పేరు గుమ్మంలోకి తనంతట తను నడిచి వచ్చింది. అందుకు ఆమె సిద్ధంగా లేదు. కాసేపటికి తేరుకుని, మాఫీ అడగ వచ్చినవా, జమేదారు కాడ అడుగు, మమ్మల్ని కాదు అంది.

"మాఫీ అడగ రాలే అమ్మా. ఒక మాట అడగ వచ్చిన. అడిగి పోత."

"రానియ్యి," అన్నాడు జలీల్ లోపల్నుంచి.

సాయవ్వ లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. పొలం మట్టి వాసన, పచ్చి చెరుకాకు వాసన. కట్టు చూసి ఆమె నిట్టూర్చింది. కాని గొంతు మాత్రం వంగలేదు.

"తమ్మీ, పిలిచి ఎందుకు తొక్కిస్తివి నా బిడ్డను?"

జలీల్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి కూర్చోబోయాడు. ఆబిదా భుజం పట్టి ఆపింది. ఆ రోజు తను బండి మీదే లేనని, కామారెడ్డి పోయానని, కావాలంటే ఎవరినైనా అడుగుమని చెప్పాడు. సాయవ్వ అంతా విన్నది.

"మనిషివి లేవేమో. నాకెర్క లేదు. చెరుకు కోసం ఉరికేటోళ్ళు ఇంజన్ల మొగం సూస్తరా? కూత ఇంటరు. ఉట్టి కూతకు మేం పోం తమ్మీ. వేరే బండ్లు వస్తె పిల్లల్ని రెక్క పట్టి లోపట గుంజుకుంటం. నీ కూతకే పోతం. ఆనాడు నీ కూత ఇని పోయింది అంజి. కూత ఇని, నిమ్మలమైతదని, పట్టాల మీది కెళ్ళి అటు పక్కకు దాటబోయింది. బండి నిమ్మలం కాలే."

"నేను లేకుంట నా కూత ఎట్లొస్తదక్కా?"

"గదే నేను అడగ వచ్చిన."

జలీల్‌కు ఇంకో అనుమానం మెల్లగా, ఎక్కడో అడుగున కదిలింది. అది అడగకుండా ఉంటే బాగుండునని అనిపించింది. అడిగాడు.

"నా కూత ఏమంటదని అనుకుంటరక్కా మీరు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు సాయవ్వ నాలుక చప్పరించింది. తర్వాత ముసలి గొంతుతో, తొట్టెలలో పిల్లను ఊపుతున్నట్టు, ఆ కూతను కూసి చూపించింది. "ఓ... రాండ్రి, రాండ్రి... ఓ. మా పిల్లలు ఆటల గూడ గిట్లనే కూస్తరు. జలీలన్న పిలుస్తుండు అంటరు."

"రాండ్రి అని కాదక్కా." అన్నాడు జలీల్. "జరుగుండ్రి అని."

వీధిలో ఎవరో పసుపు బస్తాల బండి తోలుకుపోతున్నారు. ఎద్దుల మెడల గంటలు దగ్గరికి వచ్చి, దాటి, గల్లీ చివర కలిసిపోయాయి. అన్నేళ్ళుగా అతను పొమ్మన్నాడు. అన్నేళ్ళుగా వాళ్ళు వచ్చారు. అతను బండి నిమ్మలం చేశాడు కాబట్టి ఆ సంగతి అతనికీ తెలియలేదు, వాళ్ళకూ తెలియలేదు.

"జరుగుమనేటోనివి నిమ్మలమెందుకు చేస్తివి తమ్మీ?" అంది సాయవ్వ. కోపంగా అనలేదు. "నిమ్మలంగ పోయే బండి రమ్మనే అంటది గద."

*

కట్టు కింద చీకటి ముదురు ఎరుపుకు తిరిగింది. పొద్దు గూట్లోకి దిగుతోందన్నమాట. జమేదారు ఇంకా రాలేదు. సాయవ్వ లేవలేదు. ఆబిదా పొమ్మనలేదు. పొయ్యి దగ్గర చేరి రొట్టెల పిండి కలుపుతోంది. అంజవ్వను ఎక్కడ పెట్టారని మధ్యలో ఒకసారి అడిగింది. బోధన్ దవఖానల అని సాయవ్వ చెప్పింది. నొప్పి తగ్గిందా అని అడిగింది. లేని కాలు నొస్తున్నదంటదమ్మా అని చెప్పింది. తర్వాత మళ్ళీ పిండి చప్పుడు.

అప్పుడు వినిపించింది.

ఊరి బయటి సిగ్నల్ దగ్గర నుంచి, సాయంత్రపు పొగమంచులో తడిసి, నెమ్మదిగా వచ్చింది. ఒక పొడుగు కూత. రెండు పొట్టి కూతలు. మళ్ళీ ఒక పొడుగు. ఆఖరిది తెగిపోకుండా, దిబ్బ మీద నుంచి జారినట్టు, కిందికి దిగింది.

ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాడు జలీల్. తన కూతను అతను ఎప్పుడూ దూరం నుంచి వినలేదు. చెవి పక్కన, ఆవిరిలో, మోతలో విన్నాడు. ఇలా గాలి మీద తేలి ఇంటి మీదుగా పోతుంటే అది నిజంగానే పిలుస్తున్నట్టు ఉంది. అతనికే లేచి ఎదురు పోవాలనిపించింది.

పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడైంది. చెంబుతో నీళ్ళు పోసిన చప్పుడు.

ఆ చప్పుడు అక్కడే ఆగింది.

ఏళ్ళుగా అంతే, ఇంటికి వచ్చే ముందు జలీల్ అక్కడా అదే కూత వేసేవాడు. సిగ్నల్ దగ్గర ఆ కూత వినబడితే ఆబిదా చేయి చాయ్ గిన్నె పొయ్యి మీద పెడుతుంది. బండి షెడ్డులో పెట్టి అతను ఇల్లు చేరేసరికి చాయ్ మరుగుతూ ఉంటుంది. ఆమె ఆలోచించి చేసే పని కాదు. చేతికి అలవాటైన పని. ఇప్పుడూ చేయి దాని పని అది చేసింది. ఎవరి కోసం చాయ్ పెట్టిందో, ఆ మనిషి కళ్ళకు కట్టుతో మంచం మీద ఉన్నాడు.

"గిదే," అంది సాయవ్వ. లేచి నిలబడినట్టుంది, కడియాలు మోగాయి. "గిదే కూత."

"ఆ వారంల గూడ పెట్టిన," అంది ఆబిదా. ఇప్పుడామె గొంతులో కోపం లేదు, అయినా తెలుగే వచ్చింది. "నువ్వు కామారెడ్డి డ్యూటీల ఉన్నప్పుడు. కూత ఇనొచ్చింది, చాయ్ పెట్టిన. నువ్వు రాలే. చాయ్ సల్లారిపోయింది. నా చెవులు నన్నే మోసం చేస్తున్నయనుకొని పారబోసిన. నీతోని చెప్తె నవ్వుతవని చెప్పలే."

జలీల్‌కు పొద్దుటి మాట గుర్తొచ్చింది. మీకొక సలాం పంపుత. వస్తది, సూడుండ్రి.

పిల్లవాడు ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడు! ఆఖరి కూత జారడం అందరికీ రాదు, గొలుసును వేళ్ళతో వదలాలి, చేతితో కాదు. పక్కన నిలబడి ఏళ్ళ తరబడి చూసి, ఒక్క మాట అడగకుండా నేర్చుకున్నాడు. డ్రైవరు అయ్యాక ఉస్తాద్ పేరు నిలబెట్టాలని అదే కూత వేశాడు. కూత వేస్తే జరుగుతారనుకున్నాడు. ఉస్తాద్‌కు తెలియని సంగతి శిష్యుడికెలా తెలుస్తుంది?

నర్సన్న విసిరిన రాయి దారి తప్పలేదు. ఆ కూత ఎవరిదో వాళ్ళకే తగిలింది.

గుమ్మం బయట సైకిలు గంట మోగింది.

జమేదారు లింబయ్య పెద్దమనిషి, మెల్లగా మాట్లాడతాడు. చైను ఊడి ఆలస్యమైందని, ఈ చలికి చేతులు బిగుసుకుపోయాయని చెప్పుకుంటూ వచ్చాడు. కుర్చీ లాక్కున్నాడు. కన్ను ఎలా ఉందని అడిగాడు. మంచం పక్కన ఉన్న మనిషి ఎవరని అడిగాడు.

సాయవ్వ కడియాలు కదలలేదు. పొద్దుటి నుంచి పేరు, పేరు అన్న ఆబిదా నోట్లో ఇప్పుడా పేరు ఉంది.

"మా మనిషే," అంది ఆబిదా. "నవీపేట్ నుంచి వచ్చింది."

జమేదారు తల ఊపినట్టున్నాడు. పనిలోకి దిగాడు. ఎక్కువేం వద్దని, రాయి వేసినవాడి పేరొక్కటి చెబితే చాలని, మిగతాది తను చూసుకుంటానని అన్నాడు. ఊరికే వదిలేస్తే రేపు లైను మీద డ్రైవరు అన్నవాడు మిగలడని కూడా అన్నాడు. అదీ నిజమే.

"రాయి సంగతి తర్వాత జమేదార్ సాబ్," అన్నాడు జలీల్. "ముందుగాల కూత సంగతి ఇనుండ్రి."

చెప్పాడు. చక్రానికి చుట్టుకున్న కొంగు దగ్గర మొదలుపెట్టాడు. మొరంగడ్డ మలుపులో ఆవిరి తగ్గించడం, ఎడ్లబండి నడక, లాగిన చెరుకు, కడ్డీకి తగిలించిన దండ, ఏదీ దాచలేదు. రాజారాం పొలాల వైపు చూసేవాడన్నది ఒక్కటి మానేశాడు. చెబుతుంటే పొయ్యి దగ్గర గరిటె కింద పడింది. ఎవరూ తీయలేదు. నౌకరి అన్న మాట ఎవరూ అనలేదు గాని అది గదిలోకి వచ్చి అందరి మధ్యా కూర్చుంది. చివరికి, తను జరుగుమన్న కూత వాళ్ళకు రమ్మన్నట్టు వినిపించిన సంగతి చెప్పాడు. ఆ పిల్ల పట్టాల మీదికి చెరుకు కోసం మాత్రమే పోలేదని, తన మాట మీద పోయిందని చెప్పాడు.

జమేదారు ముందుకు వంగినట్టున్నాడు. కుర్చీ కిర్రుమంది.

"నీకు తెలుస్తున్నదా జలీల్ భాయ్, నీ నోటితోని నువ్వే ఏం చెప్పుకుంటున్నవో?"

"తెలుస్తున్నది. కూత నాది. రాసుకోండ్రి."

"రాసుకుంట. కాని ఒక్కటి సమజ్ కాలే." లింబయ్య గొంతు ఇంకా మెత్తగా అయింది. "ఆ పిల్ల కాలు పోయిన నాడు బండి మీద నువ్వు లేవు. కామారెడ్డిల ఉన్నవు. మరి ఆనాడు నీ కూత ఏసిందెవరు?"

తన నౌకరి దాకా జలీల్ ఆలోచించుకున్నాడు. అంతవరకే ఆలోచించుకున్నాడు. ఈ ప్రశ్న దాకా రాలేదు. ఆనాటి బండి ఎవరు నడిపారో డ్యూటీ పుస్తకంలో ఉంటుంది, ఆ కూత ఎవరు వేశారో మాత్రం తన నోటి నుంచే రావాలి.

ఇంతకుముందు దాచిన పేరుకు బదులు ఇప్పుడు దాచవలసిన పేరు ఇంకొకటి. సాయవ్వ ఆ జవాబు కోసమే అంత దూరం నడిచి వచ్చింది. ఆమె శ్వాస మంచం పక్కన ఆగి ఉంది. పొయ్యి మీద, ఎవరి కోసం పెట్టిందో ఎవరికీ తెలియని చాయ్ మరుగు పట్టింది. ఆ వాసన ఇల్లంతా నిండింది.

గుమ్మం దగ్గర బూట్లు విడిచిన చప్పుడైంది. ఒకటి ముందు, ఒకటి వెనక.

"ఉస్తాద్!" రామ్‌దాస్ గొంతు సంతోషంతో గుమ్మంలోంచే లోపలికి వచ్చింది. "సలాం ముట్టిందా?"